సూర్యోదయంలో ఎడారి ఇసుక తిన్నెలు: విశాఖలో ఏం ప్రాక్టీస్ చేసి వెళ్లాలి?

సాగర్‌నగర్:
డిసెంబర్ చివర్లో జైసల్మేర్ వెళ్తున్నాం. అక్కడి సామ్ ఊరి దగ్గర తిన్నెల్ని పొద్దు పొడిచేటప్పుడు తీయాలని ఉంది. క్రాప్ సెన్సర్ కెమెరా, 18-55, 55-250 ఎంఎం లెన్సులు, మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. ఇక్కడ బీచ్‌లో తీస్తే ఇసుక బూడిదరంగులో, చదునుగా వస్తోంది. గాలికి పడే ఆ ముడతలు స్పష్టంగా రావాలంటే ఏం చేయాలి? ఎర్రమట్టి దిబ్బల దగ్గర ప్రాక్టీస్ చేస్తే పనికొస్తుందా?

భీమిలి రోడ్డు:
ముందు టైం సంగతి చూసుకోండి. జైసల్మేర్ మనకి పన్నెండు డిగ్రీలకు పైగా పడమర. డిసెంబర్ చివర్లో ఇక్కడ 6.25 ప్రాంతంలో పొద్దు పొడిస్తే, అక్కడ 7.30 దాటాకే. 6.45కల్లా ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి.

ముడతలు కనిపించేది నీడ వల్లే. సూర్యుడు వచ్చిన అరగంటకి ఆరు డిగ్రీల లోపే ఉంటాడు, అప్పుడు నీడ పొడవు ఎత్తుకి పది రెట్లు. అంటే సెంటీమీటరు ఎత్తున్న ముడతకి పది సెంటీమీటర్ల నీడ. గంటకి అది సగమైపోతుంది, రెండు గంటలకి ఇక తీయడం దండగ. అసలు పని ఆ మొదటి నలభై నిమిషాల్లోనే.

ఇంకోటి, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోకండి. నీడలన్నీ ముడతల చాటున పడి మీకు కనపడవు. మీ బీచ్ ఫొటోలు చదునుగా రావడానికి చాలా వరకు కారణం ఇదే అయ్యుంటుంది. వెలుగు పక్కనుంచి రావాలి, ముడతలకి అడ్డంగా పడాలి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, దక్షిణం వైపు ఇరవై ఆరు డిగ్రీలు జరిగి వస్తాడు. ముందు రోజు సాయంత్రమే కంపాస్‌తో చూసి చోటు ఎంచుకుని, ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. చీకట్లో తిన్నెలన్నీ ఒకేలా ఉంటాయి.

లాసన్స్ బే:
బూడిదరంగు రావడం కెమెరాలో వెలుగుని కొలిచే మీటరు వల్ల. ఫ్రేమంతా లేత ఇసుక ఉంటే కెమెరా దాన్ని మధ్యస్థపు బూడిదరంగుకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ 0.7 నుంచి 1 స్టాప్ పెంచండి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో పెడితే బంగారు రంగుని సరిదిద్దేస్తుంది కాబట్టి 5500 కెల్విన్ దగ్గర పెట్టి, రా ఫైల్‌లో (కెమెరా మార్చకుండా దాచే ఫైల్) తీయండి.

18 ఎంఎంలో అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 పెట్టి రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే మీటరు నుంచి అనంతం వరకు షార్ప్‌గా వస్తుంది. నున్నటి ఇసుక మీద ఆటోఫోకస్ తడబడుతుంది, తిన్నె అంచు మీద పట్టించి మాన్యువల్‌కి మార్చేయండి. ఎఫ్ 16 వద్దు. సెన్సర్ మీది ధూళి ఆకాశంలో చుక్కలుగా తేలుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు:
లాసన్స్ బే గారూ, ఆ ఒక స్టాప్ పెంచడం సూర్యుడు రాకముందు సరే. వచ్చాక వెలుగు పడే వాలు తెల్లబోతుంది, ముఖ్యంగా ఎరుపు ఛానెల్. హిస్టోగ్రామ్‌లో (కెమెరా చూపించే వెలుగుల గ్రాఫ్) ఎరుపు విడిగా చూసుకుంటూ తగ్గించుకోవాలి. ఎర్రమట్టి దిబ్బలు ఈ ఒక్క ప్రాక్టీస్‌కి మాత్రం చాలా మంచివి. ముడతలకి కాదు, అక్కడ ఇసుక గట్టిపడి వానకి గండ్లు పడింది. ముడతల కోసం భీమిలి వైపు అలలు అందని పొడి ఇసుక చూడండి.

సాగర్‌నగర్:
చాలా థాంక్సండీ. అడుగుజాడలు, ఇసుక దూరడం సంగతి?

భీమిలి రోడ్డు:
సామ్‌లో సాయంత్రం ఒంటెలు, జీపుల జాడలు పడతాయి. రాత్రి గాలి లేకపోతే పొద్దున్నా అలాగే ఉంటాయి. అందుకే 55-250తో దూరంగా ఉన్న శుభ్రమైన వంపుని మాత్రమే ఫ్రేమ్‌లో పెట్టి తీయడం మేలు. జనం తక్కువ ఉండాలంటే జైసల్మేర్‌కి నైరుతిలో ఉన్న ఖూరీ చూడండి. మీరు తీయబోయే శిఖరం ఎక్కకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. వైడ్ ఫొటోలు అయ్యాకే ముడతల దగ్గరికి నడవాలి.

ట్రైపాడ్ సన్నటి చివరి సెక్షన్‌ని ముందు పూర్తిగా లాగండి, లాకు ఇసుకకి పైనే ఉంటుంది. కాళ్లు పక్కలకి పూర్తిగా విడదీసి ఇసుకలోకి నొక్కకండి. దిగేటప్పుడు ఇంకా విచ్చుకుని కీలు విరుగుతుంది. లెన్సు అక్కడ మార్చొద్దు. లెన్సు మీద ఇసుక పడితే ముందు బ్లోయర్, ఆ తర్వాతే గుడ్డ. తుడిచేస్తే గీతలు పడతాయి.

లాసన్స్ బే:
చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది, రెండోది లోపలి జేబులో ఉంచండి. తిరిగి వెచ్చటి టెంట్‌లోకి వచ్చాక కెమెరాని అరగంట బ్యాగులోనే మూసి ఉంచండి, లేకపోతే తేమ పట్టి ఇసుక దానికి అంటుకుంటుంది.