ముజిదొరాను 'వ్యాంప్' అనవచ్చా? ఇర్మా వెప్ పేరులోని వర్ణక్రీడ, 'నిర్మాత్రి' అనే మాట

మూకీ సినిమాల మీద ఒక వ్యాసాన్ని అనువదిస్తున్న సభ్యురాలు మన భాషాభిమానుల గుంపులో ఒక ప్రశ్న వేశారు. ఫ్రెంచి నటి ముజిదొరాను మూలంలో 'వ్యాంప్' అన్నారట, దాన్ని తెలుగులో ఏమనాలని అడిగారు. 'మాయలాడి', 'శృంగార తార', 'వగలాడి' అంటూ చాలా సూచనలు వచ్చాయి. మూలంలోని మాటే ఆమెకు సరిపోదని నా గట్టి అభిప్రాయం. అందువల్ల దానికి తెలుగు వెతికే ముందు ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

'వ్యాంప్ పాత్ర' మన సినిమా పత్రికలకు కొత్తేమీ కాదు. క్లబ్బులో పాట, చేతిలో గ్లాసు, కథానాయకుణ్ణి వలలో వేసుకునే ఎత్తులు అనగానే ఆ మాట వాడేవారు. ఇది ఇంగ్లీషు 'వాంపైర్' కురచబారి పుట్టిన మాట. మగవాడి బతుకును పీల్చి పిప్పి చేసే స్త్రీ మీద కిప్లింగ్ 1897లో ఆ పేరుతో ఒక కవిత రాశాడు. కవిత ఆధారంగా నాటకం వచ్చింది, నాటకం నుంచి 1915 జనవరిలో అమెరికాలో సినిమా వచ్చింది. అందులో నటించిన తెడా బారాతో 'వ్యాంప్' అనే మాట జనం నోట స్థిరపడింది. అంటే ఈ మాట వెనుక ఉన్నది ఒక మగవాడి ఫిర్యాదు.

ముజిదొరా కథ ఇంకో దారిది. అదే 1915 నవంబరులో పారిస్‌లో గోమోన్ సంస్థ 'లె వాంపీర్' అనే ధారావాహిక చిత్రాన్ని విడుదల చేయడం మొదలుపెట్టింది. దర్శకుడు లూయీ ఫ్యుయాద్. మొత్తం పది భాగాలు, చివరిది 1916 జూన్‌లో వచ్చింది. ఇందులో 'వాంపీర్' అన్నది పారిస్‌ను గడగడలాడించే దొంగల ముఠా పేరు. నెత్తురు తాగేవాళ్లు ఎవరూ లేరు. ముజిదొరా వేసిన ఇర్మా వెప్ పాత్ర ఆ ముఠాకు ప్రాణం. ఒంటికి అతుక్కున్న నల్లటి తొడుగు, కళ్లు మాత్రమే కనిపించే ముసుగు వేసుకుని రాత్రిపూట ఇళ్ల కప్పుల మీదుగా పాకుతుంది. పగలు పనిమనిషి వేషంలో విలేకరి ఇంట్లో చేరి ముఠా రహస్యాలున్న పుస్తకం కోసం వెతుకుతుంది. దోపిడీలు, మారువేషాలు, సాహసాలు ఆమె వృత్తి. ఇక్కడ వల విసరడం కన్నా గోడ దూకడమే ఎక్కువ!

ఇప్పుడు మన గుంపుకు అసలైన విందు. ముఠాను వెంటాడుతున్న విలేకరి ఫిలిప్ గెరాంద్ మూడో భాగంలో ఒక కాబరే ముందు నిలబడి గోడ మీది పోస్టరు చూస్తాడు. దాని మీద 'ఇర్మా వెప్' అని గాయని పేరు. చూస్తూ ఉండగానే ఆ పేరులోని అక్షరాలు కదిలి, ఒకదాన్నొకటి దాటుకుని, 'వాంపీర్' అని కుదురుకుంటాయి. అది మూకీ సినిమా. మాట వినిపించదు కాబట్టి మాటను కళ్ల ముందే విప్పి చూపించారు. అక్షరాల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ కొద్ది క్షణాల కోసమైనా ఈ చిత్రం చూడాలి.

ఇది తెలుగు లిపిలో సాధ్యం కాదని ఒకరు తీర్పు ఇచ్చేశారు. సాధ్యమే. మన అక్షరంలో హల్లు, అచ్చు కలిసి ఉంటాయి కాబట్టి 'ర్మా'ను పట్టుకుని అటూ ఇటూ జరిపితే ఏమీ తేలదు, నిజమే. కాని సంధి పాఠంలో చేసినట్టు వర్ణాలుగా విడదీయండి. ఇర్మా వెప్: ఇ, ర్, మ్, ఆ, వ్, ఎ, ప్. ఏడు వర్ణాలు. వీటినే వరుస మార్చి కూర్చండి: వ్, ఆ, మ్, ప్, ఇ, ర్, ఎ. 'వామ్పిరె' వచ్చింది! ఒక్కటీ మిగలలేదు, ఒక్కటీ తగ్గలేదు. ఫ్రెంచివారు చివరి 'ఎ'ను రాస్తారే కాని పలకరు. అది తప్ప లెక్క అచ్చంగా సరిపోయింది. ఉపశీర్షికలు రాసేవారు 'వామ్పిరె' అని చూపితే తెలుగు ప్రేక్షకుడు ఏ వివరణా లేకుండా అందుకోగలడు.

ఈ ప్రక్రియకు 'వర్ణవ్యత్యయం' (మాటలోని ధ్వనులు చోటు మారడం) అనే పేరు ఒకరు సూచించారు. ఆ పేరు భాషాశాస్త్రంలో ఇదివరకే వేరే పనిలో ఉంది. 'ఉరల్' నుంచి 'రోలు' వచ్చిన తీరును అలా అంటాం. నాకైతే అవధానంలోని వ్యస్తాక్షరి గుర్తుకు వస్తుంది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను క్రమం తప్పించి, ఒక్కోదాని స్థానం చెబుతూ అందిస్తాడు. అవధాని వాటిని మనసులో నిలుపుకుని చివరకు వాక్యాన్ని నిలబెడతాడు. అక్కడ కూడేది అక్షరాలు, ఇక్కడ వర్ణాలు. ఆ తేడా ఉన్నా 'వ్యస్తనామం' అంటే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

నటి పేరు కూడా పెట్టుకున్నదే. ఆమె అసలు పేరు జాన్ రోక్. 1889 ఫిబ్రవరి 23న పారిస్‌లో పుట్టింది. తండ్రి సంగీతకర్త, సోషలిస్టు. తల్లి స్త్రీల హక్కుల కోసం నిలబడిన మనిషి. తియోఫిల్ గోతియే నవల 'ఫోర్తునియో'లోని నాయిక పేరును రంగస్థలం కోసం తీసుకుంది. ముజిదొరా అంటే గ్రీకు మూలాన్ని బట్టి కళాధిదేవతల కానుక. మొదటి సినిమా 1914లో, కుట్టుపని చేసుకుని బతికే స్త్రీల కష్టాల మీద ఒక సహకార సంఘం తీసిన చిత్రం. దొంగల రాణిగా మనకు గుర్తున్న నటి తెరపై తొలి అడుగు పెట్టింది ఒక శ్రామిక స్త్రీ కథలో అన్న సంగతి నాకు చాలా ఇష్టం.

'వ్యాంప్' అనే మాట మింగేసింది ఆ తరువాతి జీవితాన్నే. ఫ్యుయాద్ చిత్రాలతో వచ్చిన పేరును పెట్టుబడిగా పెట్టి ఆమె సొంత సంస్థ స్థాపించింది. రచయిత్రి కొలెత్ ఆమెకు ఆప్తురాలు. 1918 నాటి 'లా ఫ్లామ్ కషే'కు కథ కొలెత్‌దే. దాని ప్రతి ఇప్పుడు దొరకడం లేదు. 1921లో, పందొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్ సింహాసనం కోసం జరిగిన కార్లిస్టు యుద్ధం నేపథ్యంగా పియేర్ బెన్వా రాసిన నవల ఆధారంగా 'పూర్ దొన్ కార్లోస్' తీసింది. అందులో నాయిక ఆమే, నిర్మాణం ఆమెదే, దర్శకత్వంలోనూ భాగం ఉంది. 1922 నాటి 'సొలేయ్ ఎ ఓంబ్ర్' అంటే ఎండా నీడా. ఎద్దుల పోరు జరిగే మైదానంలో ఎండ వైపు, నీడ వైపు ఉండే ఆసనాలకు స్పెయిన్‌లో అవే పేర్లు. అందులో ఆమెది ద్విపాత్రాభినయం. స్థానిక యువతి, పరాయి దేశపు స్త్రీ, ఇద్దరూ తానే. 1924లో ఎద్దుల పెంపకం సాగే నేల మీద 'లా తియెర్రా దె లోస్ తోరోస్' తీసింది. గుర్రం మీది నుంచి ఎద్దుతో పోరాడే కోర్దోబా వీరుడు అంతోనియో కాన్యేరో అందులో కనిపిస్తాడు. స్టూడియో గోడలు వదిలి, ఎండలో, నిజమైన పల్లెల్లో, నిజమైన మనుషుల మధ్య తీయడం ఆ రోజుల్లో ఎంత సాహసమో ఆలోచించండి.

1927లో ఒక వైద్యుణ్ణి పెళ్లి చేసుకుంది. తెరకు దూరమైనా నవలలు రాసింది. ఆ తరువాత ఆన్రీ లాంగ్లువా నడిపిన ఫ్రెంచి సినిమా భాండాగారం సినెమాతెక్ ఫ్రాన్సేజ్‌లో చేరి, మూకీల కాలపు మనుషుల జ్ఞాపకాలను సేకరించింది. 1957 డిసెంబరులో మరణించేదాకా ఆ సంస్థతో ఆమె అనుబంధం తెగలేదు. 1970ల్లో పారిస్‌లో స్త్రీల చిత్రాల కోసం నిలబడిన బృందం తనకు 'ముజిదొరా' అని పేరు పెట్టుకుంది. వాళ్లు గుర్తుపెట్టుకున్నది నల్ల తొడుగును మాత్రమే కాదన్నది స్పష్టం.

వ్యాఖ్యల్లో మరో ప్రశ్న: ఆమెను 'నిర్మాత' అనాలా, 'నిర్మాత్రి' అనాలా? పత్రికలు ఆడవారికీ మగవారికీ 'నిర్మాత' అనే రాస్తాయి, అది తప్పు కాదు. భానుమతిగారి గురించి రాసేటప్పుడు నటి, గాయని, రచయిత్రి, దర్శకురాలు అని వరుసగా స్త్రీవాచకాలు రాసుకుంటూ వచ్చి చివర 'నిర్మాత' అంటాం. ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. అయినా నా ఓటు 'నిర్మాత్రి'కే. కవయిత్రి, రచయిత్రి, అభినేత్రి నిలదొక్కుకున్నప్పుడు వాటి తోబుట్టువును బయట నిలబెట్టడానికి కారణం కనబడదు. ఇంకో సంగతి. ఫ్రెంచిలో నటిని 'ఆక్త్రిస్' అని, నిర్మాత్రిని 'ప్రొద్యుక్త్రిస్' అని అంటారు. అక్కడి 'త్రిస్' లాటిన్ నుంచి వచ్చింది, మన 'త్రి' సంస్కృతం నుంచి వచ్చింది. రెండూ ఒకే ప్రాచీన ప్రత్యయం నుంచి చీలినవి. ఆమె సొంత భాషలో ఆమెకున్న బిరుదుకు ఇంతకన్నా దగ్గరి మాట మనకు లేదు.

కాబట్టి అనువాదకురాలికి నా సలహా: 'వ్యాంప్' చోట 'ఇర్మా వెప్ పాత్రధారిణి' అని రాయండి. పరిచయ వాక్యం 'ఫ్రెంచి నటి, రచయిత్రి, దర్శకురాలు, నిర్మాత్రి' అని ఉండనివ్వండి. 'మాయలాడి' తీసేయండి.

పేరు రాసే తీరు గురించి అడిగినవారికి: 'ముసిడోరా' ఇంగ్లీషు దారిలో వచ్చిన రూపం. ఫ్రెంచిలో త, ద దంత్యాలు, మన త, ద లాగే నాలుక పళ్లకు తగులుతుంది. రెండు అచ్చుల మధ్య సకారాన్ని వాళ్లు నాదంతో పలుకుతారు. మనకున్న వాటిలో దానికి దగ్గరిది జకారమే. మొదటి అచ్చు పెదవులు గుండ్రంగా చేసి పలికే 'ఇ' వంటిది. దానికి మన దగ్గర గుర్తు లేదు కాబట్టి 'ము'తో సరిపెట్టుకున్నాను. 'మ్యుజిదొరా' అన్నా నాకు సమ్మతమే, డకారం మాత్రం వద్దు.