మిద్దెతోట గ్రూపును మాస్టొడాన్‌కి మార్చాలనుకుంటున్నాం, మారినవాళ్లు చెప్పండి

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా మిద్దెతోటల గ్రూపు నడుపుతున్నాం. విత్తనాలు పంచుకోవడం, పిండినల్లికి వేపనూనె ఎంత కలపాలో అడగడం, అంతే. మొన్న తొలకరికి ఆ సైటువాళ్లు కారణం చెప్పకుండా గ్రూపును రెండు వారాలు ఆపేశారు. సరిగ్గా విత్తనాలు నాటే రోజులు! ఈ టెన్షన్ ఇక వద్దనిపిస్తోంది. మాస్టొడాన్ ట్విటర్ లాంటిది, లెమ్మీ రెడిట్ లాంటిది, కానీ ఒకే కంపెనీ చేతిలో ఉండవు, ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటారని విన్నాం. వాటికి మారినవాళ్లు ఏం ఎదురైందో చెప్పండి.

పాలపిట్ట:
2022 అక్టోబరులో ట్విటర్ చేతులు మారాక మా పుస్తకాల బృందం మాస్టొడాన్‌కి వెళ్లింది. ఏ సర్వర్‌లో చేరాలో తేల్చుకోలేక సగం మంది అక్కడే ఆగిపోయారు. ఈమెయిల్ లాంటిదే, మీది ఒక కంపెనీ, నాది ఇంకో కంపెనీ అయినా ఉత్తరం అందుతుంది కదా అని చెప్పాక కొందరు కదిలారు. సర్వర్లు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి పేరు యాక్టివిటీపబ్, 2018 నుంచి అది వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణం.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా సర్వర్‌ని ఒక్కరే నడిపేవారు. భారం మోయలేక మూసేస్తున్నానన్నారు. ఖాతా వేరే సర్వర్‌కి మార్చుకుంటే ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. మేం ఫాలో అయ్యేవాళ్ల జాబితాను ఫైలుగా దించి కొత్తచోట ఎక్కించుకున్నాం. రాసిన పోస్టులు మాత్రం రాలేదండి. ఆర్కైవ్, అంటే తమ పోస్టుల నకలు, దించుకున్నవాళ్ల దగ్గర తప్ప ఏడాదిన్నర పుస్తక పరిచయాలు ఎక్కడా లేవు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. వారానికోసారి ఆర్కైవ్ అడగొచ్చు, చేరిన రోజే అందరికీ ఆ అలవాటు చేయించండి.

మానేరు:
వేపచెట్టు గారూ, మీకు మాస్టొడాన్ కన్నా లెమ్మీ నయం. మాస్టొడాన్‌లో ఎవరి ఖాతా వారిదే, పోస్టుకి మామూలుగా 500 అక్షరాలు. మీకేమో ప్రశ్నా జవాబులూ ఒకచోట ఉండాలి. 2023లో రెడిట్ తన ఏపీఐకి, అంటే బయటి యాప్‌లు రెడిట్‌తో కలిసి పనిచేసే దారికి, డబ్బులు వసూలు చేయడం మొదలుపెట్టినప్పుడు మేం లెమ్మీకే వెళ్లాం. అక్కడ కమ్యూనిటీ పెట్టుకోవచ్చు, మాస్టొడాన్ వాళ్లు కూడా అందులో రాయొచ్చు. కానీ కమ్యూనిటీ పుట్టిన సర్వర్‌కే అతుక్కుని ఉంటుంది, ఖాతాలా ఎత్తుకెళ్లలేం. అందుకే సర్వర్ ఎవరు చూస్తున్నారు, వాళ్లకి జ్వరమొస్తే ఇంకెవరు చూస్తారు అని ముందే అడగండి. మీవన్నీ కాయల ఫొటోలే కదా, డిస్కు నిండేది వాటితోనే. చిన్నవి చేసి పెట్టమనండి.

అమ్మమ్మ తోట:
నాకు అరవై దాటాయి. మా గ్రూపు మారినప్పుడు ఎలా చేరాలో వీడియో పంపారు, మా ఈడువాళ్లు ఎవరూ చేరలేదు. పక్కింటమ్మాయి నా ఫోన్‌లో ఖాతా తెరిచి ఇచ్చింది కాబట్టి నేను మిగిలాను. విత్తనాలు పంచే రోజే అక్కడ ఒక బల్ల వేసి ఫోన్లలో పెట్టించండి. చిక్కుడు గింజల కోసం ఎలాగూ వస్తారు.

వేపచెట్టు:
అమ్మా, అలాగే చేస్తాం. పాలపిట్ట గారూ, పాత జవాబులు దించడం ఇవాళే మొదలుపెట్టాం. పాత గ్రూపును ఏడాది పాటు మూయం. మానేరు గారూ, మీ సర్వర్ ఖర్చు ఎవరు పెడుతున్నారు?

మానేరు:
సభ్యుల చందాలే. ప్రతి నెలా లెక్క అందరికీ కనిపించేలా పెడతాం. మా పోయిన నెల లెక్క మీకు విడిగా పంపుతున్నాను, చూడండి.