ఫ్రమ్ హెల్ కామిక్: తప్పు ఆ నెత్తుటి బొమ్మల్లో ఉందా, ఆ ఆడవాళ్ళ మీద వేసిన నిందలో ఉందా?

నల్లసిరా:
హారర్ కామిక్స్ మాట ఎప్పుడొచ్చినా ఫ్రమ్ హెల్ దగ్గర అందరూ చెప్పేది ఒకటే, పదో చాప్టర్ చదవలేకపోయాం, అంత అవసరమా అని. మొన్న ఇంకో చర్చలో ఒకరు ఇంకాస్త ముందుకెళ్ళి, నిజంగా చచ్చిపోయిన మనిషిని కోసిన తీరు అన్ని పేజీలు గీసినవాళ్ళని గొప్ప ఆర్టిస్టులంటే నేనొప్పుకోను అన్నారు. నేనైతే వాళ్ళు గొప్పవాళ్ళేనని ఒప్పుకుంటాను. కానీ ఆ పుస్తకంలో నాకు మింగుడుపడనిది వేరే ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదని ఇది మొదలుపెడుతున్నా.

చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తా. అలన్ మూర్ రాస్తే ఎడ్డీ క్యాంప్‌బెల్ బొమ్మలేశాడు, 1989లో సీరియల్‌గా మొదలై చాలా ఏళ్ళు సాగి 1999లో ఒకే పుస్తకంగా వచ్చింది. 1888లో లండన్ వైట్‌చాపెల్ పేటలో జాక్ ద రిప్పర్ అని పేరుపడ్డ వాడు ఐదుగురు ఆడవాళ్ళని చంపిన కథ. హంతకుడెవరో దాచిపెట్టరు, రాణి గారి డాక్టర్ సర్ విలియం గల్ అని ముందే చెప్పేస్తారు. పదో చాప్టర్ అంతా మేరీ కెల్లీ గదిలోనే, 1888 నవంబర్ 9 తెల్లవారుజాము, వాడూ శవమూ తప్ప ఇంకెవరూ లేరు, ముప్పైకి పైగా పేజీలు. పరుగు లేదు, అరుపు లేదు, తర్వాత ఏమవుతుందో అన్న ఉత్కంఠ కూడా లేదు. మధ్యలో వాడికి మన కాలపు ఆఫీసు కనిపిస్తుంది, కంప్యూటర్లు, కుర్చీల్లో జనం, వాళ్ళకి వాడు కనిపించడు. ఆ చాప్టర్ చదివాక రిప్పర్ కథలో థ్రిల్ అనేది నాకు చచ్చిపోయింది, అది చంపడానికే అన్ని పేజీలు గీశారని నా నమ్మకం.

నా గొడవ దానికి చాలా ముందు ఉంది. ఈ ఆడవాళ్ళు ఎందుకు చచ్చిపోతారు కథలో? రౌడీ ముఠాకి మామూళ్ళు కట్టాలి, డబ్బు లేదు, రాణి మనవడికి రహస్యంగా పెళ్ళయి బిడ్డ ఉన్న సంగతి మేరీ కెల్లీకి తెలుసు, వాళ్ళలో నలుగురు కలిసి పెయింటర్ సికర్ట్‌కి బెదిరింపు ఉత్తరం రాస్తారు, అది రాణి దాకా వెళ్తుంది, రాణి డాక్టర్ని పంపిస్తుంది. అంటే చావు వాళ్ళు రాసిన ఉత్తరంతో మొదలైంది. నిజంగా ఏం జరిగింది? పాలీ నికల్స్‌ని ఆగస్టు 31 రాత్రి సత్రంలోంచి బయటికి పంపేశారు, మంచానికి కట్టాల్సిన 4 పెన్నీలు లేవని. ఆనీ చాప్‌మన్‌ని సెప్టెంబర్ 8న అలాగే పంపేశారు, నా మంచం ఇంకెవరికీ ఇవ్వకండి, డబ్బు తెస్తానని చెప్పి వెళ్ళింది, అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు మనిషి. మంచం అద్దెకి చిల్లర లేక చచ్చిపోయిన మనుషుల్ని బ్లాక్‌మెయిలర్లని చేశారు. నాకు నెత్తురు కన్నా ఇదే ఎక్కువ కష్టంగా ఉంది.

వరంగల్_శీను:
బ్రో బాగా రాశావు గానీ ఇది ఫిక్షన్ కదా. ఆ రాజకుటుంబం కుట్ర మూర్ కనిపెట్టింది కాదు, 1976లో స్టీఫెన్ నైట్ రాసిన పుస్తకంలోంచి తీసుకున్నాడు, ఆ నైట్‌కి కథ చెప్పిన, పెయింటర్ సికర్ట్ కొడుకునని చెప్పుకున్న జోసెఫ్ సికర్ట్ అనే ఆయనే 1978లో అదంతా నేను అల్లిందే అని పేపర్‌కి చెప్పేశాడు, మూర్‌కి ఇదంతా తెలుసు, పుస్తకం వెనక అనుబంధంలో ఏది రికార్డులో ఉంది ఏది నేను కల్పించాను అని పేజీ పేజీకీ రాశాడు. ఇంత నిజాయితీగా నోట్స్ ఇచ్చిన రైటర్ని నింద వేశాడంటే ఎలా? ఇంకో సంగతి, రికార్డుల్లో ఈ ఐదుగురు కేవలం శవాలు బ్రో. కామిక్‌లో తాగుతారు, తిట్టుకుంటారు, నవ్వుతారు, ఒకరి మీద ఒకరు ఆధారపడతారు, చివరికి రాజకుటుంబానికే ఎదురు తిరుగుతారు. పేదవాళ్ళు పెద్దోళ్ళ గుట్టు పట్టుకుని ఎదురు తిరిగితే అది నింద ఎందుకవుతుంది, నాకైతే అక్కడ వాళ్ళంటే గౌరవమే కనపడింది. పుస్తకం అంకితం కూడా ఆ ఐదుగురికే.

ఈస్ట్‌హామ్_సుధ:
నేనుండేది లండన్‌లో ఈస్ట్ హామ్, పని ఆల్డ్‌గేట్ దగ్గర. సాయంత్రం ఆఫీసు నుంచి బయటికొస్తే మైటర్ స్క్వేర్ దగ్గర, హత్యలు జరిగిన చోట్లు తిప్పి చూపించే రిప్పర్ టూర్ గుంపులు, ఒక్కోసారి ఒకేసారి రెండు మూడు. గైడ్ చేతిలో మార్చురీ ఫోటో లామినేట్ చేసి ఉంటుంది, జనం దగ్గరికొచ్చి చూసి ఫోన్‌లో ఫోటో తీసుకుంటారు. ఆ ఫోటోలో ఉన్నది కాథరిన్ ఎడోస్, 46 ఏళ్ళు. ఆ రాత్రి తాగి పడిపోతే బిషప్స్‌గేట్ పోలీస్ స్టేషన్లో పెట్టి ఒంటిగంట ప్రాంతంలో వదిలేశారు, గంట తిరక్కుండా అక్కడ శవమై ఉంది. ఒంటి మీద దొరికిన వస్తువుల లిస్టు ఇప్పటికీ ఉంది, టీ పొడి ఒక చిన్న డబ్బాలో, పంచదార ఇంకో డబ్బాలో, తాకట్టు చీటీలు. ఇల్లంతా ఒంటి మీదే మోసుకు తిరిగింది ఆమె.

కాబట్టి నల్లసిరా గారూ, పదో చాప్టర్ థ్రిల్‌ని చంపుతుందన్న మీ మాట నేనొప్పుకోను. మీకు చచ్చిపోయి ఉండొచ్చు, మీరు అంత శ్రద్ధగా చదివారు. ఆ పేజీలు ఒక్కసారి అచ్చయ్యాక ఎవరు ఎలా చూస్తారన్నది రచయిత చేతిలో ఉండదు, ఆ చాప్టర్ బొమ్మలు మాత్రమే కత్తిరించి పెట్టుకుని చూసేవాళ్ళు ఉన్నారు. మన దేశంలో అత్యాచారానికి గురైన ఆమె పేరు అచ్చువేస్తే నేరం, చచ్చిపోయినా సరే. ఆ చట్టం వెనక ఉన్న ఆలోచన నాకు సరైనదే అనిపిస్తుంది, ఆమె తన ఒంటికి జరిగినదానితో కాకుండా మనిషిగా మిగలాలి అని. ఇక్కడ 130 ఏళ్ళ తర్వాత కూడా ఆ ఐదుగురూ మిగిలింది ఒంటి మీది కత్తి గాట్లలోనే. 2015లో కేబుల్ స్ట్రీట్‌లో మహిళల చరిత్ర మ్యూజియం పెడతామని అనుమతి తీసుకుని చివరికి రిప్పర్ మ్యూజియం తెరిచారు, ఆడవాళ్ళు బయట నిలబడి నిరసన చేశారు. ఆ వీధుల్లో ఇప్పుడు ఉండేది ఎక్కువగా బంగ్లాదేశీ కుటుంబాలు, పిల్లలు స్కూల్ నుంచి వచ్చే దారిలో రోజూ ఈ హత్యల కథలే వినిపిస్తాయి.

ఇంకోటి, ఐదుగురూ ఒళ్ళమ్ముకునేవాళ్ళే అని కామిక్ చూపిస్తుంది. 2019లో హాలీ రూబెన్‌హోల్డ్ రాసిన ద ఫైవ్‌లో వాళ్ళలో ముగ్గురి విషయంలో దానికి ఆధారమే లేదని వాదించింది. అందరూ ఆమెతో ఏకీభవించరు, కానీ ఆ పుస్తకంలో హత్యల వర్ణన దాదాపు లేదు, అయినా నాకు భయమేసింది. నెత్తురు చూపించకుండా చెప్పొచ్చని తెలిశాక ముప్పై పేజీల మీద నాకు ఓపిక లేదు.

బొమ్మలపిచ్చి:
సుధక్కా, టూర్ గైడ్ చేసేదీ క్యాంప్‌బెల్ చేసిందీ ఒకే గాటన కట్టకండి దయచేసి. 1888లోనే ఇలస్ట్రేటెడ్ పోలీస్ న్యూస్ అనే వారపత్రిక ఈ హత్యల్ని బొమ్మలుగా వేసి అమ్మింది, మొదటి పేజీ నిండా గళ్ళు, శవం ఒక గడిలో, లాంతరు పట్టుకున్న పోలీసు ఒక గడిలో, ఇంకో గడిలో జనం. ఆ పేజీలు చూస్తే అచ్చం కామిక్ పేజీలే. అంటే ఈ కథకి కామిక్ రూపం కొత్తగా తగిలించింది కాదు, వైట్‌చాపెల్ భయం అమ్ముడుపోయిందే బొమ్మల్లో. క్యాంప్‌బెల్ ఆ పాత బొమ్మకి జవాబు ఇస్తున్నాడు. గీత చూడండి, సన్నటి పెన్ను గీతలు ఒకదాని మీద ఒకటి గీకి గీకి చీకటి చేస్తాడు, చాలా పేజీల్లో తొమ్మిది గళ్ళు ఒకే సైజులో, పెద్ద గడి ఇచ్చి ఇదిగో చూడు అని అరవడు. పదో చాప్టర్లో కొన్ని గళ్ళల్లో ఏది దుప్పటో ఏది శరీరమో కూడా తెలీదు. అమ్ముకోవాలనుకునేవాడు అలా గీయడు, నేను బొమ్మలేసేవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నా.

ఒక్కటి మాత్రం మీ వైపు చెప్తా. తర్వాత ఆయనే మొత్తం పుస్తకానికి రంగులేసి మళ్ళీ తెచ్చాడు, నాకది నచ్చలేదు. నలుపు తెలుపులో నెత్తురు కూడా సిరానే, రాత్రీ సిరానే, వైట్‌చాపెల్ పొగా సిరానే. ఎరుపు రాగానే కన్ను దాని మీదికే పోతుంది. ఎవరైనా కొత్తగా చదివేటట్టయితే పాత నలుపు తెలుపు ఎడిషనే వెతుక్కోండి.

మెడికో_గుంటూరు:
నింద అంటున్నారు కాబట్టి డాక్టర్ గారి తరఫున కూడా ఒక మాట. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు 1873లో పెట్టింది ఈ విలియం గల్లే, మేం చదువుకున్నాం. 1887లో ఆయనకి పక్షవాతం వచ్చింది, 1890 జనవరిలో చనిపోయాడు. 70 దాటిన మనిషి, పక్షవాతం తర్వాత, చీకట్లో గుర్రబ్బండిలో తిరుగుతూ హత్యలు చేశాడనడానికి ఆధారం సున్నా. ఈ రోజు గూగుల్లో ఆయన పేరు కొడితే రిప్పర్ మాట కూడా వస్తుంది. ఆయన మీద ఎవరికీ జాలి లేదేంటి?

క్రైమ్_డెస్క్_మాజీ:
నేను తెలుగు దినపత్రికలో జిల్లా ఎడిషన్ డెస్క్‌లో చాలా ఏళ్ళు పనిచేశా, అందుకే నల్లసిరా గారి మాట నాకు సూటిగా తగిలింది. ఆడమనిషి హత్య వార్త ఎలా వస్తుందో చెప్తా. స్టేషన్ నుంచి సీఐ ప్రెస్ మీట్, అక్కడి నుంచి కంట్రిబ్యూటర్ కాపీ, అందులో మొదటి వాక్యంలోనే కారణం ఉంటుంది, వివాహేతర సంబంధమే హత్యకు దారితీసింది అని. కేసు కోర్టుకి వెళ్ళలేదు, నిందితుడు పోలీసులకి చెప్పిందే ఆధారం, చచ్చిపోయినామె జవాబు చెప్పలేదు. మర్నాడు ఊరంతా ఆ హెడ్డింగే మాట్లాడుకుంటుంది, ఆమె పిల్లలు బడికి ఆ హెడ్డింగ్ మోసుకుని వెళ్తారు. చాలా హత్యలకి అసలు కారణం చూస్తే అప్పు, తాగుడు, స్థలం గొడవ, భార్య పుట్టింటికి పోతానంటే పడిన అనుమానం.

కాబట్టి కథకి కారణం అనేది చిన్న విషయం కాదు శీనూ. గౌరవంగానే చూపించాడంటున్నావు, సరే, ఉత్తరం రాయడం ధైర్యమే అనుకుందాం, కానీ చదివేవాడి బుర్రలో మిగిలేది వాళ్ళేదో చేశారు కాబట్టి వీళ్ళేదో చేశారు అన్న లెక్క. వెనక అనుబంధంలో అది కల్పన అని రాశాడు నిజమే, మేం కూడా పదిరోజుల తర్వాత లోపలి పేజీలో చిన్న సవరణ వేసేవాళ్ళం, అది చదివినోడు లేడు.

వరంగల్_శీను:
అన్నా పేపర్ వేరు కథ వేరు. పేపర్లో అబద్ధం రాస్తే అది అబద్ధం, కథలో అది కథ. మీ లెక్కన నిజంగా జరిగిన హత్య మీద ఎవరూ కథే రాయకూడదు. అదీ గాక అన్నా, మూర్ చివరి అనుబంధంలో ఈ రిప్పర్ పరిశోధకులందరినీ, తనని కూడా కలుపుకునే, వలలు పట్టుకుని పరిగెత్తే పిచ్చిజనంలా చూపిస్తాడు. మంచు రేకు అంచుని ఎంత సన్నగా కొలిస్తే అంత పొడవు పెరుగుతుంది, లోపలి వైశాల్యం మాత్రం ఒక హద్దు దాటదు, ఈ కేసులో కొత్త సిద్ధాంతాలన్నీ ఆ అంచు లాంటివే అంటాడు. అంత చెప్పినాక కూడా ఆ కుట్రని జనం నిజమనుకుంటే అది చదివినోడి తప్పు.

ఇంకా పుస్తకం అసలు కోపం ఎవరి మీదో చూడండి. ఒక చాప్టర్లో పాలీ ఒక రోజూ గల్ ఒక రోజూ పక్కపక్కన పెడతాడు, అతని ఇల్లు నీళ్ళు కలిపిన సిరాతో కుంచెతో వేసే మెత్తటి వాష్‌లో, ఆమె బతుకు గరుకు పెన్నుతో, కూర్చుని తాడుకి ఆనుకుని నిద్రపోయే మనుషులు. ఆ 4 పెన్నీల సంగతి పుస్తకంలో లేకుండా పోలేదు.

నల్లసిరా:
శీనూ ఆ చాప్టర్ నాకూ ప్రాణం. నా బాధే అది. ఆ పేజీలు గీసినవాళ్ళకి సత్రం అద్దె ఒక్కటే చాలు ఆమెని చీకట్లోకి నెట్టడానికి అని తెలుసు, తెలిసి కూడా పైన ఒక రాణి, ఒక రహస్య బిడ్డ, ఒక ఉత్తరం పేర్చారు. ఊరి పెద్దలు కుట్ర చేస్తే తప్ప పేద ఆడది చావదా? చార్లెస్ బూత్ 1889లో వేసిన పేదరికం మ్యాప్‌లో ఆ వీధుల్లో కొన్నిటికి నలుపు రంగు వేసి, అక్కడ ఉండేవాళ్ళు అట్టడుగు వర్గం, సగం నేరస్తులు అన్నట్టు కింద వివరణ రాశారు. అక్కడ ఉన్నందుకే అనుమానించే పేట అది. అలాంటి పేట మనుషులకి కథలో ఇంకో నేరం అంటగట్టకుండా ఉండాల్సింది. అనుబంధంలో కల్పన అని చెప్పేశాడుగా అన్నదానికి, పత్రికాయన గారు చెప్పిన ఆ సవరణ మాట కన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

మెడికో గారూ, గల్‌కి జరిగిందీ అన్యాయమే. కానీ ఆయన పేరు మీద చదువు ఉంది, పాఠ్యపుస్తకం ఉంది. ఆనీ చాప్‌మన్‌కి ఏముంది?

సుధ గారూ, పదో చాప్టర్ మీద మనిద్దరికీ కుదరదు. మీరు రోజూ ఆ ఫోటో పక్కనుంచి నడుస్తున్నారు, నేను పుస్తకం మూసి పెట్టగలను, ఆ తేడా నాకు తెలుసు. అయినా చూపించకపోతే రిప్పర్ మళ్ళీ టోపీ పెట్టుకున్న మిస్టరీ మనిషి అయిపోతాడు. వాడు చేసింది చూసినోడు వాడి టీషర్ట్ కొనలేడు.

ఈస్ట్‌హామ్_సుధ:
కొంటున్నారు నల్లసిరా గారూ, నా కళ్ళ ముందే కొంటున్నారు.

ఇంకొక్కటి అడుగుతా, దీనికి ఎవరైనా జవాబు చెప్పండి. పద్నాలుగో చాప్టర్లో ఐర్లండ్‌లో ఒక ఆమె కనిపిస్తుంది, నలుగురు ఆడపిల్లలు, వాళ్ళ పేర్లు ఆ నలుగురు చచ్చిపోయినవాళ్ళవే, గల్ ఆత్మని పొమ్మని తరిమేస్తుంది. మేరీ కెల్లీ తప్పించుకుందేమో అని సూచన. అందరూ దాన్ని పుస్తకంలో అందమైన చోటు అంటారు. సరే, కెల్లీ బతికితే ఆ గదిలో ముప్పై పేజీలు కోసింది ఎవర్ని? నిజం కేసులో కూడా, కెల్లీ ఇంకో ఆడమనిషిని గదిలో ఉండనిచ్చిందనే నేను వెళ్ళిపోయానని ఆమెతో ఉండే జో బార్నెట్ విచారణలో చెప్పాడు. కామిక్‌లో జూలియా అని ఒకామె వస్తుంది, ఆమే అయ్యుండొచ్చని పుస్తకమే అనిపిస్తుంది. మరి అంకితంలో ఐదు పేర్లున్నాయి, జూలియా పేరు లేదు.

బొమ్మలపిచ్చి:
ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదక్కా. ఆ చాప్టర్లో మొహం గుర్తుపట్టేలా ఉన్న గళ్ళు ఎన్ని ఉన్నాయో ఇవాళ రాత్రి మళ్ళీ తీసి చూస్తా, చూసి ఇక్కడే రాస్తా.