కొత్త ట్యాంకులో నీళ్లు మార్చాలా, ముట్టుకోకూడదా?

తొలిచేప:
60 లీటర్ల చేపల ట్యాంకు, పెట్టి 12 రోజులైంది. ఆరు జీబ్రా డానియో చేపలు, స్పాంజి ఫిల్టరు, 26 డిగ్రీలు. ఇవాళ్టి కొలతలు: అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము), నైట్రైట్ 0.25, నైట్రేట్ దాదాపు సున్నా, పీహెచ్ 7.8. నెల దాటేవరకు నీళ్లు ముట్టుకోవద్దని, ముట్టుకుంటే సైకిల్ (బాక్టీరియా పెరిగి చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే క్రమం) మళ్లీ మొదటికొస్తుందని ఒకరన్నారు. వెంటనే సగం మార్చమని ఇంకొకరు. ఎవరి మాట వినాలండీ?

పాతనీరు:
నెల దాటేదాకా ముట్టుకోకండి. బాక్టీరియాకు తిండి అమ్మోనియానే. సరిగ్గా పెరిగే వేళకు దాని తిండి తోడి పారబోస్తే ఏం తిని పెరుగుతుంది? నైట్రైట్ కనిపించిందంటే మొదటి దళం పనిలోకి దిగినట్టే. ఇప్పుడు మీరు చెయ్యాల్సింది చేతులు కట్టుకు కూర్చోవడం. మేత రోజు విడిచి రోజు, అదీ నిమిషంలో తినేసేంత. ఎయిర్ పంపు రాత్రీపగలూ నడవాలి. ఫిల్టరు ఆపొద్దు, తియ్యొద్దు, కడగొద్దు. డానియోలు గట్టి చేపలు, తట్టుకుంటాయి.

నత్త:
చేపలు వేసేశాక సైకిల్ సంగతి అడగడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టుంది.

గాజుగది:
నత్త గారూ, చేపలు వేయడం అయిపోయింది, ఇప్పుడు చెయ్యాల్సింది చెప్పుకుందాం.

పాతనీరు గారు మేత, గాలి, ఫిల్టరు గురించి చెప్పినదంతా సరే. పేచీ అంతా ఆ "తట్టుకుంటాయి" దగ్గరే.

నీళ్లు కొలిచే కిట్ చూపించే 1 పీపీఎం మొత్తం అమ్మోనియా. అందులో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది, దానితో అంత ప్రమాదం లేదు. మిగిలిన కాస్తే విషం. ఆ కాస్త ఎంతన్నది పీహెచ్‌నీ వేడినీ బట్టి ఉంటుంది. 26 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే 0.6 శాతం. 7.8 అయితే 4 శాతానికి కొంచెం తక్కువ. అంటే ఈ ట్యాంకులో ఉన్న అసలు విషం సుమారు 0.037 పీపీఎం. రోజుల తరబడి 0.02 దాటి ఉంటే మొప్పలు దెబ్బతింటాయని చేపల పెంపకంలో పాటించే లెక్క. పీహెచ్ 7 ఉన్న ట్యాంకులో ఇదే కొలత వస్తే కంగారు పడొద్దనే అనేవాణ్ణి. ఇక్కడ అనలేను.

ఇవాళే 30 లీటర్లు తోడి, 30 పోయండి. 1 పీపీఎం 0.5 అవుతుంది. 15 చొప్పున రెండు విడతలుగా చేస్తే 0.56 దగ్గరే ఆగుతుంది, కాబట్టి ఒకేసారి తియ్యడమే లాభం. కొత్త నీళ్లలో ముందే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలపండి. బకెట్లో కలిపితే బకెట్ నీళ్లకు సరిపడా మోతాదు చాలు, నేరుగా ట్యాంకులోకి పైపు పెడితే మొత్తం 60 లీటర్లకూ వెయ్యాలి. చెయ్యి పెట్టి చూస్తే పాత నీళ్లకూ కొత్త నీళ్లకూ వేడిలో తేడా తెలియకూడదు.

బుడగలు:
కుళాయి నీళ్లు ఒకరోజు నిలవపెడితే చాలదా?

గాజుగది:
క్లోరిన్ ఒక్కటే అయితే చాలు. క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అయితే అలా పోదు. దాన్ని మందుతో విడగొట్టినా కొంచెం అమ్మోనియా మిగులుతుంది. నీళ్లు మార్చిన గంటకే కిట్‌లో 0.25 కనిపించిందని కొందరు బెదిరిపోయేది అందుకే.

పాతనీరు:
శాతాలు బాగున్నాయి. నా ప్రశ్నకు జవాబు రాలేదు. తిండి సగం తీసేస్తే బాక్టీరియా పెరుగుదల ఆగదా?

గాజుగది:
ఆగదు. కాస్త నెమ్మదిస్తుంది, అంతవరకు ఒప్పుకుంటా. ఆరు చేపలు మొప్పల్లోంచి గంటగంటకూ అమ్మోనియా వదులుతూనే ఉంటాయి, తిండికి కరువేముంది? ఆ బాక్టీరియా కూడా నీళ్లలో ఈదుతూ ఉండదు. స్పాంజిని పట్టుకుంటే వేళ్లకు జారుడుగా తగిలే పొర ఉంటుందే, దాని కాపురం అందులో. గులకరాళ్ల మీద, గాజు మీద, పైపు లోపల కూడా. నీళ్లు తోడితే నీళ్లే పోతాయి.

పాతనీరు:
నీళ్లలో ఉండదా? మరి సీసాల్లో అమ్మే బాక్టీరియా నీళ్లు కాక మరేమిటి? సీసాలో ఉన్నది ట్యాంకులో పోయగానే మాయమవుతుందా?

గాజుగది:
సీసాలోంచి పోసినది మొదట తేలుతూనే ఉంటుంది, తర్వాత ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది. సీసా పోసిన రోజున నీళ్లు మార్చొద్దనేది అందుకే. ఈయన సీసా పోశానని ఎక్కడా రాయలేదు. ఆ నైట్రోబాక్టర్‌కి కాస్త సమయం కావాలి, అంతే.

పాతనీరు:
నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా. అక్వేరియంలలో నైట్రైట్‌ను ఎక్కువగా తినేది అదేనని తేలి చాలా కాలమైంది. శాతాలు దశాంశాలతో సహా చెప్పేవారు పేరు కూడా సరిగ్గా చెప్పాలి కదా.

గాజుగది:
నైట్రోస్పైరానే. దిద్దుకున్నా. 0.037 మాత్రం దిద్దుకోవాల్సిన పని లేదు.

నత్త:
నైట్రైట్ పెరిగితే 6 గ్రాముల ఉప్పు వెయ్యండి. 60 లీటర్లకు అది చాలు. క్లోరైడ్ ఉంటే నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లడం తగ్గుతుంది.

బుడగలు:
వంటింట్లో అయోడిన్ ఉప్పు పనికిరాదేమో!

నత్త:
వస్తుంది. ఆ కాస్త అయోడిన్‌తో ఏమీ కాదు.

పాతనీరు:
అసలు మాటకొద్దాం. "సగం నీళ్లు మార్చాం, తెల్లారేసరికి చేపలన్నీ పోయాయి" అనే పోస్టు ఇక్కడ తరచూ వస్తూనే ఉంది. దానికేమంటారు?

గాజుగది:
నీళ్లు మార్చడం వల్ల పోలేదంటాను. మందు కలపకపోవడం ఒక కారణం. చల్లటి నీళ్లు గుమ్మరించడం ఇంకొకటి. మూడోది అసలైనది, మీ సలహాకు చెల్లెలి వరస. నెలల తరబడి నీళ్లు ముట్టుకోని ట్యాంకులో ఏం జరుగుతుంది? అమ్మోనియాను తినేటప్పుడు బాక్టీరియా నీళ్లలోని క్షారాన్ని కూడా ఖర్చు చేస్తుంది. 1 గ్రాము అమ్మోనియా నత్రజనికి 7 గ్రాముల పైచిలుకు క్షారం, కాల్షియం కార్బనేట్ లెక్కన. క్షారం అయిపోగానే పీహెచ్ జారిపోతుంది. 6 దగ్గరికి వచ్చేసరికి బాక్టీరియా దాదాపు పని మానేస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు బతికే ఉంటాయి, ఎందుకంటే ఆ పీహెచ్‌లో అదంతా అమ్మోనియం. అప్పుడు ఒకాయన వచ్చి పీహెచ్ 8 ఉన్న కుళాయి నీళ్లు సగం పోస్తాడు. పీహెచ్ లేస్తుంది, పేరుకున్నదంతా నిమిషాల్లో విషంగా మారుతుంది. తెల్లారేసరికి తేలతాయి. నింద మాత్రం బకెట్ మీదికి.

అలాంటి ట్యాంకుకైతే రోజుకు పదో వంతే తోడి పోస్తూ రావాలి. ఈయనది 12 రోజుల ట్యాంకు, పీహెచ్ 7.8 మీదే ఉంది. ఆ భయం లేదు.

పాతనీరు:
నేను నెల అన్నాను, నెలలు అనలేదు. మాట తిప్పకండి. మీకు వాదన గెలిస్తే చాలు, అవతల చదివేవాడు ఏం అర్థం చేసుకుంటున్నాడో పట్టదు.

గాజుగది:
పట్టబట్టే అంకెలు రాస్తున్నా. మీరు రాసేది శాసనం. గట్టి చేప అంటే బాధ లేని చేప కాదు, చావడానికి ఎక్కువ రోజులు తీసుకునే చేప. మొప్పలు ఎర్రబడి, నీటిపైకొచ్చి గుటకలు వేస్తుంటే "తట్టుకుంటోంది" అనుకోవడమేనా?

బుడగలు:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. ఏ నీళ్లన్నది మీ ఇష్టం.

పాతనీరు:
సరే, ఇక దాపరికం ఎందుకు. నాకు 30 లీటర్లతో పేచీ లేదు. "మార్చండి" అనే మాటతోనే పేచీ. మన భాషలో నీళ్లు మార్చడమంటే ఏమిటి? బిందెలో నీళ్లు మార్చడమంటే పాతవి అడుగంటా పారబోసి, లోపల తోమి, కొత్తవి పట్టడం. కొత్తవాడికి ట్యాంకు విషయంలోనూ అదే వినిపిస్తుంది. చేపల్ని గిన్నెలోకి తీస్తాడు. గులకరాళ్లు బకెట్లో పోసి గలగలా కడుగుతాడు. స్పాంజి గోధుమరంగుకు తిరిగింది, మురికి అనుకుని కుళాయి కింద పిండుతాడు, తెల్లగా అయ్యేదాకా. పన్నెండు రోజులుగా పట్టిన పొర ఆ కుళాయి కిందే పోయింది. మర్నాడు ట్యాంకు అద్దంలా ఉంటుంది, అమ్మోనియా మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. వాడికి శాతాలు చెప్పేకన్నా "ముట్టుకోకు" అంటే చేపలు బతికే అవకాశం ఎక్కువ. పాతికమందిలో ఒక్కడే కిట్ కొంటాడు, మీరు ఆ ఒక్కడికే రాస్తున్నారు.

గాజుగది:
ఈ మాట మొదటి పోస్టులో ఎందుకు రాయలేదండీ? కడగడం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. స్పాంజి నుంచి నీళ్లు సరిగా రాకుండా మూసుకుపోతేనే పిండాలి, అదీ ట్యాంకులోంచి తోడిన నీళ్లలో, రెండు మూడు సార్లు నొక్కి వదలడమే.

అయినా మీతో ఏకీభవించను. "ముట్టుకోకు" విన్నవాడు నెల దాటాక మళ్లీ ఎవర్నీ అడగడు, ఆరు నెలలూ ముట్టుకోడు. అక్కడికే పైన చెప్పిన పీహెచ్ కథ. పైగా ఈయన పాతికలో ఆ ఒక్కడే, కిట్ పట్టుకుని అంకెలతో అడిగాడు. ఆయనకు కూడా కిట్ లేనివాడికి చెప్పే మాటే చెబుతారా?

పాతనీరు:
ఈ పేజీ చదివేది ఆయనొక్కడే కాదు.

నత్త:
"మార్చడం" వదిలేసి "సగం తోడి పోయడం" అని రాయండి. గొడవ సగం తీరుతుంది.

గాజుగది:
రాస్తా. ఇంకొక్క లెక్క. 1 గ్రాము మేతలో ప్రోటీన్ 40 శాతం అనుకుంటే అందులో నత్రజని 64 మిల్లీగ్రాములు. అది తినకుండా అడుగున కుళ్లితే ఈ 60 లీటర్లలో అమ్మోనియా 1.3 పీపీఎం దాకా ఎక్కొచ్చు. అంటే ఇవాళ తోడినదంతా ఒక్క పెద్ద చిటికెడుతో వెనక్కి రావచ్చు. మేత విషయంలో పాతనీరు గారి మాటే వినండి.

తొలిచేప:
30 లీటర్లు తోడి పోశాను. మందు బకెట్లోనే కలిపాను. గంట తర్వాత అమ్మోనియా 0.5, పీహెచ్ 7.8. స్పాంజి జోలికి పోలేదు. రేపు కూడా కొలవాలా?

గాజుగది:
రోజూ, ఒకే వేళకు, మేత వెయ్యకముందు కొలవండి. రంగు పగటి వెలుతురులో చూడండి. నైట్రేట్ కిట్‌లో రెండో సీసా ఉంటే దాన్ని అర నిమిషం గట్టిగా ఊపాకే చుక్కలు వెయ్యండి, లేకపోతే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.5 దాటితే మళ్లీ సగం తోడి పోయడమే. వరుసగా వారం రోజులు రెండూ సున్నా వస్తే ట్యాంకు సైకిల్ అయినట్టు. ఆ తర్వాత వారానికి పావు వంతు.

పాతనీరు:
కొలవండి. మేత మాత్రం రేపు వద్దు.