కాలివేళ్ల మధ్య ఫంగస్: నిమ్మగడ్డి నూనె పడలేదు, టీ ట్రీ నూనె రాయొచ్చా?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో పని నాది. తెల్లారుజామున 5 నుంచి కాళ్లు ఉప్పునీళ్లలోనే. కుడికాలి చివరి రెండు వేళ్ల సందులో చర్మం తెల్లగా నాని, పొరలుగా ఊడుతోంది. పగలు ఫర్వాలేదు, రాత్రి బూట్లు విప్పాక దురద ఆగదు. షుగర్ లేదు, టెస్ట్ చేయించాను.

క్లోట్రిమజోల్ క్రీమ్ రెండు పూటలా నెల రాస్తే తగ్గింది. ఆపగానే మళ్లీ మొదలు. నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్ ఫంగస్‌ను అణుస్తుందని విని, 100 మి.లీ. కొబ్బరినూనెలో 2 మి.లీ. కలిపి రాశాను. పది నిమిషాల్లో మంట, మర్నాటికి చుట్టూ ఎర్రటి పొక్కులు. రాయడం మానేశాక అవి పోయాయి. సిట్రాల్ కొందరి చర్మానికి పడదట, సీసా అమ్మినాయన ఆ ముక్క మాత్రం చెప్పలేదు!

టీ ట్రీ నూనెలో పనిచేసేది టెర్పినెన్-4-ఓల్, అందులో సిట్రాల్ గొడవ లేదు. ఆస్ట్రేలియాలో 10 శాతం క్రీమ్‌తో దురద తగ్గినా ఫంగస్ పోలేదని, 25, 50 శాతం ద్రావణాలతో చాలామందికి నయమైందని చదివాను. కానీ 2 శాతానికే మండిన కాలు ఇది.

నిమ్మగడ్డి నూనె పడనివాళ్లు ఎవరైనా టీ ట్రీ నూనెను 25 శాతం దాకా మంట లేకుండా వాడగలిగారా?