ఈ చిన్న ఖడ్గమృగం బొమ్మ ఎవరు వేశారో కనుక్కోవడం ఎలా?

పాత ప్రింట్ల గురించి తెలిసినవాళ్లెవరైనా ఉంటే కొంచెం హెల్ప్ చేయండి ప్లీజ్. మా పెద్దమ్మ పాత పుస్తకాలు సర్దుతుంటే మధ్యలో ఒక బొమ్మ దొరికింది, అరచేతి కంటే కాస్త పెద్దదంతే, జూలో పడుకున్న ఖడ్గమృగం, వెనకాల కటకటాలు. ఒంటి మీద మడతలు, చెవి దగ్గర వెంట్రుకలు కూడా సన్నటి గీతలతో భలే వేశాడు (వేసిందేమో, ఎవరికి తెలుసు). కొమ్ము ఒక్కటే, అంటే ఇండియన్ రకమో జావా రకమో అయ్యుండాలి, ఆఫ్రికా వాటికి రెండుంటాయి కదా.

కింద ఎడమ పక్కన పెన్సిల్‌తో 7/40 అని ఉంది, అంటే 40 కాపీల్లో ఏడోది అనుకుంటా, కుడి పక్కన సంతకం ఉంది గానీ గొలుసులా ఉంది, ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. బొమ్మ చుట్టూ కాగితం లోపలికి నొక్కుకుపోయింది, వేలితో తడిమితే తెలుస్తోంది, భూతద్దంలో చూస్తే రంగు చుక్కలేం లేవు కాబట్టి మామూలు ఆఫ్‌సెట్ ప్రింట్ కాదు, రేకు మీద గీసి తీసిన ఎచింగే అనిపిస్తోంది. జూ జంతువులనగానే మా ఫ్రెండ్ రెంబ్రాంట్ బుగాటీ అన్నాడు, ఆ కార్ల బుగాటీ తమ్ముడే, కానీ ఆయన ప్రధానంగా కంచు శిల్పాలు చేసినాయన, 1916లోనే పోయాడు, నాకైతే నమ్మకం లేదు.

ఫోటోతో ఇమేజ్ సెర్చ్ చేస్తే ఖడ్గమృగాలు వస్తున్నాయి తప్ప ఆర్టిస్ట్ రావట్లేదు 😅 సంతకాన్ని బట్టి వెతికే దారి ఏదైనా ఉందా? ఇంకోటి, వెనకాల అట్ట అంటించి ఉంది, కాగితం మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి, అట్ట నేనే పీకొచ్చా, ముట్టుకోకుండా తెలిసినవాళ్లకి ఇవ్వాలా?