సమస్యాపూరణం: "పాతిపెట్టిన వారికే పండుగయ్యె"

చంపకమాలి (నిర్వాహకుడు):
శరత్తులో నాటి మరిచిపోయిన గడ్డల్లోంచి ఈ ఉదయం మొదటి పువ్వు తలెత్తింది. స్నోడ్రాప్. తెల్లగా, తల వంచుకుని, ఏదో తప్పు చేసినట్టు నిలబడింది. దాన్ని చూస్తుంటే ఈ పాదం తట్టింది. వింటే వల్లకాడు గుర్తొస్తుంది, నా సరదా అదే. శవాలు, లంకెబిందెలు వద్దు. తోట గేటు దాటకుండా పూరించండి.

*పాతిపెట్టిన వారికే పండుగయ్యె*

కొత్త లఘువు:
భయంభయంగానే పెడుతున్నా.

ఆకు రాలెడి వేళలో నవని లోన
కోరి గడ్డకు మూడింత గోయి తీసి,
మంచు కరుగంగ మొగ్గలు మడత విప్ప
పాతిపెట్టిన వారికే పండుగయ్యె

అరసున్న:
గణాలు, యతులు కుదిరాయి. 'మడత విప్ప' బాగుంది, టులిప్ మొగ్గ విచ్చుకునేది అచ్చం అలాగే. కానీ అన్వయం చూసుకోండి. గోయి 'తీసి', మంచు కరిగి మొగ్గలు విప్పుతుంటే 'పాతిపెట్టిన' వారు! అంటే వసంతంలో పాతారన్నమాట. మొగ్గలు వచ్చాక పాతితే పండుగ ఎవరికి?

తేటగీతమ్మ:
అన్నగారూ, కొత్తవాళ్లను అలా బెదరగొట్టకండి. లఘువుగారూ, రెండో పాదం ఇలా మార్చి చూడండి: 'కోరి గడ్డల మూడింత గోత దాచ'. చిక్కు విడిపోతుంది. గడ్డ ఎత్తుకు మూడింతల లోతు అన్న తోటపని లెక్క పద్యంలో పట్టడం నాకు భలే నచ్చింది. పైపైన నాటితే పువ్వు బరువుకు కాడ వాలిపోతుంది, పద్యం కూడా అంతే.

పాత కలం:
రెండో పాదం సరే, మొదటి పాదం ఎవరూ చూడలేదా? ఆకు రాలేది శిశిరంలో. గడ్డలు నాటేది శరత్తు చివర. ఆరు ఋతువులున్న భాషలో రాస్తూ ఇలా కలిపేస్తే ఎలా?

అరసున్న:
మాస్టారూ, మన శిశిరం మాఘ ఫాల్గుణాల్లో వస్తుంది. ఈ పూలు పూసే చలి దేశాల్లో ఆకులు అక్టోబరు, నవంబరులోనే రాలతాయి. చెట్టు పంచాంగం చూసి ఆకు రాల్చదు కదా. పద్యంలో శిశిరం అన్న మాటే లేదు, 'ఆకు రాలెడి వేళ' అని ఉంది. లేని మాటకు తప్పు పట్టడం మీకు కొత్త కాదనుకోండి.

చంపకమాలి (నిర్వాహకుడు):
ఇద్దరూ మొన్నటి వాన సమస్య దగ్గరికి వెళ్లకండి, దయచేసి. 'ఆకు రాలెడి వేళ' నిలుస్తుంది. తర్వాత ఎవరు?

ఉత్త కవి:
నేను. ముందే చెప్తున్నా, ఇది నా సొంత బాధ.

నేను నాటిన గడ్డలన్ నెమకి తీసి
ఉడుత దొరగారు పొరుగింట నొకటి దాచె;
తవ్వి తినెనమ్మ యామనిన్ దనివి తీర,
పాతిపెట్టిన వారికే పండుగయ్యె!

తేటగీతమ్మ:
హహ్హ! 'వారు' అన్న గౌరవ వాచకం ఉడుతకు పోయింది! అందరం పాతినవాడు మనిషే అనుకుంటాం. అసలు ఈ సమస్యలో తాళంచెవి ఆ బహువచనంలోనే ఉంది, దాన్ని పట్టుకున్నది మీరొక్కరే. 'దొరగారు' రెండో పాదంలోనే రావడం వల్ల చివర 'వారికే' అతికినట్టు కుదిరింది.

అరసున్న:
తీసి, ఉడుత. విసంధి. 'తీసి యుడుత' కావాలి.

ఉత్త కవి:
ఉడుత గడ్డను లేపేసిందని నేనేడుస్తుంటే మీరు యకారం లేదని ఏడుస్తున్నారు.

చంపకమాలి (నిర్వాహకుడు):
పాదాంతం కాబట్టి వదిలేస్తున్నా. ఉత్త కవిగారూ, ఈసారికి డాఫొడిల్ నాటండి. అందులో లైకోరిన్ అనే విషం ఉంటుంది, ఉడుతలు ముట్టవు. టులిప్, క్రోకస్ అంటే మాత్రం వాటికి విందు భోజనమే.

తేటగీతమ్మ:
ఆయన గడ్డలకు ఉడుత ఒక్కటే శత్రువు కాదండీ. నిరుడు 'మొగ్గ యెండెను నీడలో మోము దాచి' అన్న సమస్యకు ఈయన పూరణ గుర్తుందా? టులిప్ గడ్డలకు 12 నుంచి 16 వారాల చలి కావాలని ఫ్రిజ్‌లో పెట్టారు, బాగానే ఉంది. పెట్టింది యాపిల్ పండ్ల పక్కన! పండ్లు వదిలే ఎథిలీన్‌కు లోపలి మొగ్గ లోపలే చచ్చింది. నాలుగు పాదాల్లో నేరమంతా చలి మీదికి నెట్టేశారు.

ఉత్త కవి:
ఆ పద్యానికి అప్పుడు మీరే 'కరుణ రసం' అని మెచ్చుకున్నారమ్మా.

పాత కలం:
చాలు ఫ్రిజ్ పురాణం. నాది.

పసుపు పచ్చని డాఫొడిల్ పలుకరించె,
తెల్ల క్రోకసు యెండకున్ దెరచె కన్ను,
ఎండు గడ్డని నవ్విన యింతి చూడ
పాతిపెట్టిన వారికే పండుగయ్యె

కొత్త లఘువు:
'డాఫొడిల్' ఒక్క అక్షరం మారకుండా గణంలో కూర్చోవడం చూసి ఆశ్చర్యపోయానండీ.

అరసున్న:
కూర్చున్నది అదొక్కటే. మూడు మాటలు చెప్తాను.

ఒకటి, 'తెల్ల క్రోకసు'. క్రో ముందున్న ల్ల గురువు. మొదటి గణమే పోయింది.

రెండు, 'క్రోకసు యెండకున్'. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. 'క్రోకసెండ' కావాలి. యకారం ఎక్కడినుంచి ఊడిపడింది?

మూడు, ఎ-ఇ యతి వస్తే చాలు, మాస్టారి పద్యంలోకి ఓ ఇంతి దిగుతుంది. వాన సమస్యలో గొడుగు పట్టుకుని వచ్చింది, ఇప్పుడు గడ్డను చూసి నవ్వుతోంది.

పాత కలం:
తెల్ల తెలుగు మాట, క్రోకసు పరాయి మాట. సంస్కృత సమాసం కాదు కదా, ల్ల ఎందుకు గురువవుతుంది? ఈ మాత్రం తెలియకుండా మీసాలు మెలేస్తే ఎలా?

చంపకమాలి (నిర్వాహకుడు):
ల్ల లఘువే. ఆ వాదన చెల్లదు. కానీ రెండోది మాత్రం మాస్టారూ, తప్పే. పాదం చివర విసంధిని వదిలినట్టు పాదం నడుమ వదల్లేం.

అరసున్న:
సవరణ కూడా నేనే ఇస్తాను, తీసుకోండి: 'తెల్ల క్రోకసు వేడికిన్ దెరచె కన్ను'. సంధి గొడవ పోయింది. పైగా నిజమూ అదే. క్రోకస్ ముఖ్యంగా విచ్చుకునేది వెలుతురుకు కాదు, వేడికి. ముడుచుకున్న పువ్వును కోసి వెచ్చని గదిలో పెట్టి దీపం ఆర్పేయండి. కాసేపటికి చీకట్లోనే రేకులు విప్పుతుంది. వ్యాకరణం తప్పినచోటే శాస్త్రమూ తప్పింది, చూశారా!

తేటగీతమ్మ:
ఇది మాత్రం ఒప్పుకోవాలి. ఒక్క మాటతో రెండు తప్పులూ పోయాయి. అన్నగారి సవరణల్లో నాకు నచ్చిన మొదటిది.

అరసున్న:
మొదటిదా? సరే. సమస్యను పక్కన పెట్టి ఇంకో పద్యం. అందరూ గడ్డ, గడ్డ అంటున్నారు. టులిప్, డాఫొడిల్‌వి పొరలు పొరలుగా ఉండే లశునాలు, మన ఉల్లిలాగ. కోస్తే లోపల పసి మొగ్గ కూడా కనిపిస్తుంది, నాటే నాటికే అది సిద్ధంగా ఉంటుంది. క్రోకస్‌ది అలా కాదు, గట్టిగా ఒకే ముద్ద. వృక్షశాస్త్రంలో దాని పేరు కందం! ఇక ఊరుకుంటానా?

కందము క్రోకసు గడ్డది
యందఱు లశునం బటంచు ననగా నేలా?
ముందుగ తేటికి విందిడు
కందములోనే పొగడగ గలిగితి నేనున్

ఉత్త కవి:
కందం మీద కందం! అరసున్న తీసి పూర్తి పూజ్యం చేస్తున్నాం మీ పేరు.

పాత కలం:
ఆగండి ఆగండి. తేటికి విందిచ్చేది పువ్వు, కందం కాదు. అది పక్కన పెట్టండి. మొదటి పాదం మళ్లీ చదవండి అందరూ. 'కందము క్రోకసు'. క్రో ముందు ము! నా ల్ల గురువైతే మీ ము ఏమిటి స్వామీ?

కొత్త లఘువు:
అయ్యో.

అరసున్న:
…అది వేరు. కందము తర్వాత విరామం ఉంది.

పాత కలం:
నా తెల్ల తర్వాత కూడా ఊపిరి పీల్చుకున్నాను.

చంపకమాలి (నిర్వాహకుడు):
ము లఘువు, ల్ల లఘువు, ఇద్దరి పద్యాలూ నిలిచాయి. అరసున్నగారు మొదటి ఆక్షేపణ వెనక్కి తీసుకున్నట్టు రాసుకుంటున్నా. ఈ సమస్యకు నా ఓటు ఉడుత దొరగారికే.

ఇంకో మాట, పూలు వాడాక ఆకులు చూడ్డానికి బాగోలేదని కోసేయకండి. వాటంతట అవి పసుపెక్కేదాకా, ఆరు వారాలో ఎంతో, ఉంచండి. వచ్చే ఏటి పువ్వుకు తిండి వండేది అవే.

పాత కలం:
'వేడికిన్' తీసుకుంటున్నాను, కృతజ్ఞతలు. ఇంతిని మాత్రం తీయను. పద్యం చదివి వినిపిస్తే నవ్వడం మానేసి, వచ్చే శరత్తుకు ఇంకో వంద గడ్డలు తెమ్మంది.

అరసున్న:
వంద నిజంగానేనా, యతి కోసమా?